కురవాల్సిన పందిరి

జనవరిలో ఒక ఉదయం బస్సు అద్దం మీద మంచు గీకుతుంటే ఫోన్ మోగింది. స్కూలు సెక్రటరీ. చలికాలంలో ఆవిడ ఎప్పుడు ఫోన్ చేసినా ముందు రోడ్లు ఎలా ఉన్నాయని అడుగుతుంది. ఆ రోజు అడగలేదు. మోరా పోయారని చెప్పింది. అంత్యక్రియలు మధ్యాహ్నమేనట. పిల్లలు వస్తామంటున్నారు, బస్సు మీరే తీసుకురండి అంది. సరేనన్నాను. ఆ తర్వాత అప్పటికే శుభ్రంగా ఉన్న అద్దాన్ని చాలాసేపు గీకుతూనే ఉన్నాను.

మోరా అంటే హీబ్రూలో టీచరమ్మ. ఆవిడకి పేరు లేక కాదు. మా ఊరి హైస్కూల్లో లెక్కల మాస్టారికి కూడా ఒక పేరుండేది. ఆయన రిటైరైన రోజు దండ వేసి మైకులో చదివితే గానీ మాలో చాలామందికి తెలియలేదు. కొందరికి చేసే పనే పేరైపోతుంది. టొరంటోకి ఉత్తరాన ఉన్న ఒక యూదుల మిడిల్ స్కూల్లో ఆవిడ ఏడో తరగతికి చెప్పేవారు. నేను ఆ స్కూలు పసుపు బస్సు డ్రైవర్ని. ఈ పత్రిక చదివేవాళ్ళలో డాక్టర్లూ ఇంజనీర్లూ ఎక్కువ కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, ఇందులో కొత్తగా తెలుసుకోవాల్సిన గొప్ప విషయాలేమీ లేవు. ఒక టీచరు, కొంతమంది పిల్లలు, ఒక పందిరి.

మనలో అయితే సిడ్నీ నుంచి మేనల్లుడి విమానం దిగేదాకా అంత్యక్రియలు ఆపుతాం. వీళ్ళలో ఆపరు. పోయినవాళ్ళని ఎదురుచూసేలా చేయడం మర్యాద కాదంటారు. ఖాళీ చేతులతో ఎలా వెళ్తారండీ అని మా ఆవిడ అంటే, దారిలో తెల్ల చామంతులు కొన్నాను. బస్సెక్కుతూ తాలియా వాటిని చూసింది. తాలియా పోయినేడు మోరా క్లాసు పిల్ల, ఇప్పుడు ఎనిమిదో తరగతి. ఏ రూలు ఎక్కడుందో ఆ పిల్ల నాలిక చివర ఉంటుంది. లాయరు కాకపోతే ఈ దేశానికే నష్టం.

"మాకు పూలు తేవడం ఉండదు మిస్టర్ రావు," అంది. నా ముఖం చూసి మళ్ళీ, "పర్లేదు, బస్సులో ఉంచండి. బస్సుకి బాగుంటాయి," అంది.

శ్మశానంలో మట్టి వేయడం అక్కడి పనివాళ్ళ వంతు కాదు, అయినవాళ్ళ వంతు. పార మన చేతిలోంచి ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు, మట్టిలో గుచ్చి పక్కకి జరగాలి, తర్వాతవాళ్ళు తీసుకోవాలి. దుఃఖాన్ని ఒకరి మీదకి ఒకరు తోసుకోకూడదని అలా పెట్టుకున్నారట. గడ్డకట్టిన మట్టి. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వేశారు. నా వంతు ఉంటుందో లేదో తెలియక వెనక నిలబడ్డాను. ఉందని మోరా చెల్లెలు కళ్ళతోనే చెప్పింది.

అక్కడ నిలబడి నేను ఆలోచించింది మాత్రం మూడు నెలల కిందటి ఒక మధ్యాహ్నం గురించి. ఆవిడ ఆఖరుగా కోరుకున్నది ఒక్కటే. పిల్లలు తమ చేతులతో కట్టిన పందిరి కింద కూర్చుని ఒక్క పూట తినాలని. అది కుదిరిందా లేదా అన్నది చెప్పడానికే ఇది రాస్తున్నాను. కానీ దానికంటే ముందు ఆవిడ ఎలాంటి మనిషో కాస్త చెప్పాలి.

నాకు ఆవిడతో పరిచయం ఏడాదిన్నర కూడా కాదు. నేను చేరిన కొత్తలో బుధవారం ట్రిప్పులు నాకు అంటగట్టారు. మిగతా డ్రైవర్లు ఎవరూ ఒప్పుకోలేదు కాబట్టి. బుధవారం మధ్యాహ్నం మోరా క్లాసుకి తాళం వేసి పిల్లల్ని బయటికి తీసుకుపోయేవారు. వాగు, పొలం, ముసలివాళ్ళ హోము, రొట్టెల బట్టీ, ఏదైనా సరే. వెళ్ళేటప్పుడు పిల్లలు ఎక్కేవాళ్ళు, వచ్చేటప్పుడు బురద ఎక్కేది. లోపల పిల్లలున్నారని అరుపుల్ని బట్టి పోల్చుకోవాలి.

మొదటి బుధవారం నేను వాగు పక్కన బస్సు ఆపి, సీటు వెనక్కి వాల్చి, టోపీ ముఖం మీద వేసుకున్నాను. అద్దం మీద టకటకమని చప్పుడు. మోరా. పొట్టి మనిషి, ఎవరో పొడుగాటి మగవాడి కొలతకి కుట్టిన వాన కోటు తొడుక్కుని నిలబడ్డారు. అది పోయిన భర్తదని తర్వాత తెలిసింది.

"బస్సు ఎక్కడికీ పోదు. మీరు రండి," అన్నారు.

నేను డ్రైవర్నండీ అన్నాను.

"నేను టీచర్ని. ఈ వాగు గురించి నాకూ ఏమీ తెలియదు. రండి."

ఆ కోటుకి మోచేతుల దాకా దిగే జేబులుండేవి. బయటికి రాగానే ఆవిడ రెండు చేతులూ వాటిలోకి వెళ్ళిపోయేవి. మళ్ళీ బస్సెక్కేదాకా రావు. చలికి అనుకున్నాను. కాదు. పిల్లలు పని చేస్తుంటే తన చేతులు ఊరుకోవని, అందుకే లోపల బంధించి పెడుతున్నానని చెప్పారు. ఆ రోజే ఈతన్ అనే బలమైన కుర్రాడు వాగులో రాళ్ళ మీద గెంతుతూ పోతున్నాడు. నాచు పట్టిన రాయి ముందుంది, వాడు చూడలేదు. నేను అడుగు ముందుకేశాను. ఆవిడ చెయ్యి బయటికి తీయకుండానే మోచేత్తో నన్ను ఆపి, "తప్పుని సగంలో ఆపకండి. పూర్తి కానివ్వండి," అన్నారు. వాడు దభీమని పడ్డాడు. చీలమండ దాకా నీళ్ళు. లేచాక ఆ అరగంటా నాచు గురించే పాఠం. రాయికి ఏ వైపు పడుతుంది, ఎందుకు పడుతుంది, నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయి. పాఠం చెప్పింది ఈతనే, వణుక్కుంటూ.

పెద్ద మొండి మనిషి, పిల్లల్ని వాగులో పడేస్తోంది అనుకున్నాను. తర్వాత సెక్రటరీ చెప్పింది, ప్రతి మంగళవారం సాయంత్రం ఆవిడ రబ్బరు బూట్లేసుకుని ముందుగా ఒక్కరే వెళ్ళి అంతా నడిచి చూసి వస్తారని. ఏ రాయి దగ్గర లోతు ఎంతో ఆవిడకి తెలుసు. తెలియదన్నది ఉత్త మాట.

పిల్లల బూట్లు పాడైపోతున్నాయని తల్లిదండ్రుల నుంచి ప్రిన్సిపాల్‌కి ఈమెయిళ్ళు వెళ్ళేవి. ప్రిన్సిపాల్ వాటిని మోరాకి పంపేవాడు. ఆవిడ అన్నిటికీ ఒకటే జవాబు పంపేవారట, "పుస్తకంలో పడే వానకి ఎవరూ తడవరు" అని. ఆయన దాన్ని ఎవరికీ ఫార్వర్డ్ చేసేవాడు కాదు.

నాకు ఉత్తినే మోరా అని పిలవడానికి నోరు రాలేదు. మా బడిలో మాస్టారిని అలా పిలిస్తే వీపు వాచిపోయేది. మోరాగారూ అనేవాణ్ణి. ఆ చివర్లో వచ్చేదేమిటని పిల్లలు అడిగారు. పెద్దవాళ్ళకీ గౌరవం ఉన్నవాళ్ళకీ తగిలిస్తామని చెప్పాను. నెల తిరక్కుండా క్లాసంతా మోరాగారూ. ఒకసారి ఏటవాలులో బ్రేకులు కీచుమంటుంటే వెనక నుంచి ఎవడో "బస్సుగారూ, నెమ్మది" అన్నాడు. మోరా నవ్వలేదు. బస్సు వయసుని బట్టి చూస్తే అది సరైన వాడకమేనన్నారు.

వాళ్ళ కొత్త సంవత్సరానికి ఒక ఆచారముంది. పారే నీళ్ళ దగ్గరికి వెళ్ళి, ఏడాదిలో చేసిన తప్పులన్నీ తలుచుకుని, రొట్టె తునకలతో పాటు నీళ్ళలోకి విసిరేస్తారు. ఆ బుధవారం పిల్లలు రొట్టె సంచులతో దిగగానే నాలుగు బాతులు ఈదుకుంటూ వచ్చేశాయి. బాతులకి రొట్టె మంచిది కాదు, కడుపు ఉబ్బుతుందని ఒక పిల్ల అంది. అయితే మన పాపాలు తిని అవి చస్తాయా, ఆ పాపం మళ్ళీ ఎవరిది అని ఇంకొకడు. రెండు వర్గాలైపోయారు. మోరా జేబుల్లో చేతులు పెట్టుకుని ఆకాశం చూస్తున్నారు. చివరికి తాలియా తీర్పు చెప్పింది, రొట్టె వద్దు, ఎండుటాకులు వేద్దామని. అప్పుడు మోరా ఒక్క మాట అడిగారు. "వాగులో ఇప్పటికే ఎవరెవరి తప్పులో కనిపిస్తున్నాయి. వాటిని ఏం చేద్దాం?" చూస్తే ఒడ్డంతా ప్లాస్టిక్ సీసాలు, కాఫీ కప్పులు, ఒక పాత టైరు. ముందు అవన్నీ తీశాకే ఆకులు వేశారు. టైరు బస్సులో నా వెనక సీట్లో కూర్చుని స్కూలుకొచ్చింది.

ఇక పందిరి. అదే శరత్కాలంలో వాళ్ళకి వారం రోజుల పండగ ఒకటొస్తుంది. తాతముత్తాతలు ఎడారిలో గుడిసెల్లో బతికిన రోజులు మర్చిపోకుండా, ఇంటి బయట ఒక పందిరి కట్టి, ఆ వారమంతా అందులో భోంచేస్తారు. దాన్ని సుక్కా అంటారు. పైకప్పు భూమిలో మొలిచినదే అయ్యుండాలి. కొమ్మలు, రెల్లు, మొక్కజొన్న చొప్ప, అలాంటివి. స్కూలు ఆవరణలో ఏడో తరగతి వాళ్ళు కడుతున్నారు. మోరాకి ఏదో ఫోనొచ్చి లోపలికి వెళ్ళారు.

మా నాన్న మా చుట్టుపక్కల ఊళ్ళకి తాటాకు పందిళ్ళు వేసేవాడు. చిన్నప్పుడు నార అందించింది నేనే. ఆ పిల్లలు చొప్పని విసిరేసినట్టు పరుస్తుంటే నేను ఎంతసేపు చూడగలను? నిచ్చెనెక్కాను. వరసలు సరిచేశాను, ఒకదాని మీద ఒకటి కప్పేలా అమర్చాను, అడుగునుంచి ముడులు బిగించాను. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే నాకూ ఉషారొచ్చి ఇంకో పొర వేశాను. దిగి చూసుకుంటే కుంభవృష్టి పడినా చుక్క కారదు. పెళ్ళిలో పందిరి కురిస్తే మా నాన్న వారం రోజులు తలెత్తుకుని తిరిగేవాడు కాదు.

మోరా వచ్చారు. లోపలికి వెళ్ళి పైకి చూశారు. చాలాసేపు చూశారు.

"నా జన్మలో ఇంత అందమైన తప్పు చూడలేదు," అన్నారు.

ఆ తప్పేమిటో ఆవిడ చెప్పలేదు. నన్ను ఒక చిన్న కుర్చీలో కూర్చోబెట్టి, ఆయనకి ఎవరు చెప్తారని క్లాసుని అడిగారు. తాలియా లేచింది.

"లోపల నుంచి ఆకాశం కనిపించాలి మిస్టర్ రావు. గట్టి వానొస్తే లోపలికి రావాలి. రాకపోతే అది సుక్కా కాదు, ఇల్లు."

"వాన లోపలికొస్తే ఇంక పందిరెందుకమ్మా?"

"రావడానికే," అంది ఆ పిల్ల.

పిల్లలు నా పై పొరంతా పీకేశారు. అడుగు పొరలో కూడా సగం లాగేశారు. నాకు పళ్ళు పీకుతున్నట్టుంది. మోరా మాత్రం ఆ ముడులు విప్పనివ్వలేదు. ఆ ముడి ఎలా వేస్తారో ఒక్కొక్కరికీ నా చేత నేర్పించారు. ఆ రోజంతా మా నాన్న ఏ ఊళ్ళో ఎవరి పెళ్ళికి ఎలాంటి పందిరి వేశాడో పిల్లలు అడుగుతూనే ఉన్నారు. ఈ దేశానికొచ్చాక మా నాన్న గురించి నన్ను అడిగినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు.

వసంతం వచ్చేసరికి ఆవిడ తలకి రుమాలు కట్టుకుని రావడం మొదలుపెట్టారు. జబ్బు పేరు ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. బుధవారాలు మాత్రం మానలేదు. నడవలేకపోతే బస్సు మెట్టు మీద కూర్చుని, పిల్లలు వెళ్ళి చూసొచ్చి చెప్తే వినేవారు. ఎవరైనా "అక్కడ ఏమీ లేదు మోరాగారూ" అంటే, "అయితే ఏమీ లేకపోవడం ఎలా ఉందో చెప్పు" అనేవారు. జూన్‌తో బడి మానేశారు. వేసవి అంతా వైద్యం. అక్టోబరులో పండగ మొదలయ్యేసరికి ఆసుపత్రిలో ఉన్నారు. పండగ మధ్యలో ఇంటికి పంపించేశారు. ఎందుకు పంపించేశారో చెప్పక్కర్లేదు.

నేను చూడటానికి వెళ్ళాను. మా ఇంట్లో వండినవి వాళ్ళ ఆచారం ప్రకారం తినకూడదు కాబట్టి కోయని యాపిల్స్ పట్టుకెళ్ళాను. చిన్న టౌన్‌హౌస్. వెనక మన ఊళ్ళో ఒక దూడని కట్టేసేంత జాగా. చూసుకోవడానికి మాంట్రియల్ నుంచి చెల్లెలు వచ్చి ఉంది. రిటైరైన నర్సు. మోరా అద్దాల తలుపు పక్కన కుర్చీలో, దుప్పట్లో మునిగిపోయి ఉన్నారు. ఖాళీగా ఉన్న ఆ జాగా వైపు చూపించి, "ఒక్క పూట చాలు మిస్టర్ రావు. ఒక ముక్క రొట్టె, ఒక గిన్నె సూపు. పిల్లలు కట్టిన సుక్కాలో," అన్నారు.

వంటింట్లోంచి చెల్లెలు వింటూనే ఉంది. "జబ్బుపడినవాళ్ళు సుక్కాలో తినక్కర్లేదు. బాధపడేవాళ్ళకి మినహాయింపు ఉంది. నీకు తెలియంది కాదు."

"ఇంట్లో కూర్చోవడమే నాకు బాధ."

"ఇన్నేళ్ళు పిల్లలకి చెప్పింది ఇలాంటి తర్కమేనా? పాపం ఆ పిల్లలు."

ఇద్దరూ నవ్వారు. కానీ నన్ను సాగనంపడానికి గుమ్మం దాకా వచ్చినప్పుడు చెల్లెలి ముఖంలో ఆ నవ్వు లేదు. ఆవిడ ఒంట్లో జలుబుని తట్టుకునే శక్తి కూడా మిగల్లేదని, ఇప్పుడు చలి తగిలితే మిగిలిన నాలుగు రోజులు కూడా ఉండవని చెప్పింది. పొడిగా, ఎండగా ఉన్న రోజైతే చూద్దాం అంది. అక్టోబరు చివర్లో ఒంటారియోలో అలాంటి రోజు అడగడమంటే వద్దని మర్యాదగా చెప్పడమే.

నేను ఎవరికీ చెప్పలేదు. సెక్రటరీకి మాత్రం చెప్పాను, అంటే అందరికీ తెలిసింది. పండగలో ఒక్క రోజే మిగిలుంది. బడికి సెలవు. ప్రిన్సిపాల్ బస్సుకి సంతకం పెట్టాడు, వచ్చేవాళ్ళు వస్తారన్నాడు. పాత క్లాసు క్లాసంతా వచ్చింది. స్కూలు సామాన్ల గదిలోంచి గుంజలు, గోడలకి దుప్పట్లు. ఏజాక్స్ అనే ఊరికి పైనున్న పొలాల్లోంచి చొప్ప నేను తెచ్చాను. అంతవరకే నా పని. ఆకాశం అప్పటికే నల్లగా ఉంది.

మోరా ఇంటి వెనక జాగాలో గుంజలు నిలబెట్టారు. పందిరి కాసేపు ఆలోచించి కూలిపోయింది. పిల్లలు అద్దాల తలుపు వైపు చూశారు. మోరా వెంటనే తలెత్తి ఇంటి సీలింగు చూడటం మొదలుపెట్టారు, అక్కడేదో కొత్తగా కనబడ్డట్టు. ఇంక లాభం లేదని పిల్లలు వాళ్ళలో వాళ్ళే తిట్టుకుని, ఒక మూలని కంచెకి ఆనించి, మా నాన్న ముడితో మళ్ళీ కట్టారు. నిలబడింది. కాస్త వంకరగా, కానీ నిలబడింది.

చొప్ప పరిచేటప్పుడు నేను తాలియాని పక్కకి పిలిచాను. దగ్గరదగ్గరగా వేస్తే చుక్క పడదని, వానొచ్చినా చెల్లెలు ఒప్పుకుంటుందని, ఇది ఒక్క పూటకేనని చెప్పాను. ఆవిడకేం తెలుస్తుంది అన్నాను.

"ఆవిడ పైకి చూస్తారు మిస్టర్ రావు," అంది ఆ పిల్ల.

నేను కంచె పక్కకి జరిగాను.

చివరి కట్ట పైకెక్కుతుంటే వాన మొదలైంది. కుండపోత కాదు గానీ వదిలే రకం కాదు. చెల్లెలు తలుపు కొంచెం తెరిచి, చాలా నెమ్మదిగా, మీరు చేసింది చాలమ్మా, దేవుడు చూశాడు, లోపలికొచ్చి తల తుడుచుకోండి అంది. ఎవరూ కదల్లేదు. ఆవిడ వెనక కుర్చీలో మోరా. తనని బయటికి తీసుకెళ్ళమని అడగలేదు. పిల్లల్ని చూస్తున్నారంతే.

ఈతన్ బస్సు దగ్గరికి పరుగెత్తాడు. సామాన్ల మీద కప్పే నీలం బరకం లాక్కొచ్చాడు. అది పైన కప్పితే సుక్కా చెల్లదని నలుగురు ఒకేసారి అన్నారు. వాడికీ తెలుసు.

"కప్పి ఉంచుదామని కాదు. ఆవిడని తీసుకొచ్చేటప్పుడు కప్పుదాం. కూర్చోబెట్టాక, ఆవిడ ప్రార్థన చెప్పి రొట్టె తినేటప్పుడు లాగేద్దాం. తినగానే మళ్ళీ కప్పుదాం."

అక్కణ్ణించి మొదలైంది వాదన. వానలో తడుస్తూ, ఎంత ముక్క తింటే తిన్నట్టు లెక్క, నమిలేటప్పుడు తెరిచి ఉండాలా మింగేటప్పుడు కూడానా, బరకం పక్కకి జరిగితే చాలా పూర్తిగా తీసేయాలా. ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. పెద్దవాళ్ళ కోర్టుల్లో కూడా అంత శ్రద్ధగా వాదించుకోరు. చెల్లెలు గుమ్మంలో నిలబడి వింటోంది. నేను ఆవిణ్ణి చూడలేదు, మోరాని చూస్తున్నాను. ఆవిడ దుప్పటి కింద చేతులు బిగబట్టుకుని, ఒక్కొక్కరు మాట్లాడుతుంటే ఆ ముఖం వైపు తిరుగుతూ, జ్వరం తగ్గిన పిల్లని తల్లి చూసినట్టు చూస్తున్నారు.

వాదన అయ్యాక తాలియా గుమ్మం దగ్గరికొచ్చి, మీరు ఎంతసేపు ఇస్తారని చెల్లెల్ని అడిగింది.

చెల్లెలు అక్క వైపు తిరిగింది. అక్కడ ఏం చూసిందో. "రెండు నిమిషాలు. నా వాచీలో," అంది.

ఆ తర్వాత అంతా చకచకా జరిగింది. పందిరి మీద బరకం. దాని మీద వాన డప్పు కొడుతోంది. దుప్పట్లు, టోపీ, ఆ పాత వాన కోటు. చక్రాల కుర్చీని ఈతనూ నేనూ ఎత్తి దించాం. ఆవిడ బరువు కంటే దుప్పట్ల బరువే ఎక్కువ. చిన్న బల్ల. దాని మీద ఒక పిల్ల తల్లి పంపిన జడలాంటి రొట్టె, పొగలు కక్కుతున్న కోడి సూపు. పిల్లలు రెండు వైపులా బరకం అంచులు పట్టుకుని నిలబడ్డారు. చెల్లెలు వాచీ పైకెత్తింది.

తాలియా తలూపింది. బరకం సర్రున వెనక్కి పోయింది.

మోరా పైకి చూశారు. చొప్ప సందుల్లోంచి బూడిదరంగు ఆకాశం, అక్కడక్కడా చినుకులు. ఒకటి కళ్ళజోడు మీద పడింది. ఆవిడ తుడుచుకోలేదు. ప్రార్థన చెప్పారు. గొంతు ఉందో లేదో అన్నట్టుంది, కానీ పిల్లలందరూ ఆమెన్ అన్నారు, నేనూ అన్నాను. రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. మింగారు.

"అయింది," అన్నాడు ఈతన్. బరకం అంచులు కదిలాయి.

"ఆగండి," అన్నారు మోరా. "సూపుంది."

వాన కాస్త పెరిగింది. చొప్ప చివర్ల నుంచి ధారలు కట్టి బల్ల మీదా గిన్నెలోనూ పడుతోంది. పిల్లలు చెల్లెల్ని చూశారు. చెల్లెలు వాచీని చూసుకుంది, అక్కని చూసింది, కోటు చెయ్యి లాగి వాచీ మీద కప్పేసుకుంది.

తాలియా బల్ల మీదకి వంగింది. "మోరాగారూ, సూపు చెడిపోయేంత వాన పడితే లేచి లోపలికి వెళ్ళిపోవాలి. మీరే చెప్పారు."

"అవును. చెప్పాను."

ఆవిడ చెంచా ముంచారు. నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పరీక్ష పేపరు దిద్దేటప్పుడు ఆలోచించినట్టు ఆలోచించారు.

"ఇంకా చెడిపోలేదు," అన్నారు.

మళ్ళీ ముంచారు. మళ్ళీ రుచి చూశారు. పిల్లలు ఆ బరువైన తడి బరకాన్ని చేతులు పీకుతున్నా అలాగే ఎత్తి పట్టుకున్నారు, ఒక్కరూ కప్పలేదు, ఒక్కరూ వదల్లేదు. ఆవిడ తాగుతూనే ఉన్నారు. గిన్నెలో సూపు మాత్రం తగ్గడం లేదు.